చేలగట్ల వెంట విహారం

సంక్రాంతి సెలవులు గాని వేసవి సెలవులు గాని దగ్గరపడగానే ఇంటింటా ఒకటే ప్రశ్న వినవస్తుంది: "ఈసారి ఎక్కడికి వెళదాం?" పిల్లలు ఊటీ అంటారు, అరకు అంటారు, హైదరాబాదు అంటారు. పెద్దలు ఖర్చు లెక్క వేసి, సెలవు దినాలు లెక్క వేసి, చివరకు అమ్మమ్మగారి ఊరితో సరిపెడతారు. ఉప్పలగుప్తం వంటి ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లవానిని పిలిచి, "మీ ప్రాంతంలో చూడదగినవి ఏమున్నవిరా?" అని అడగండి. "ఏముంటాయండి మాస్టారూ, కొబ్బరిచెట్లూ కాలవలూను" అంటాడు. ఆ కొబ్బరిచెట్లనూ ఆ కాలువలనూ చూడడానికే ఎక్కడెక్కడి వారో కార్లలో వచ్చి, దిండిలో బస చేసి, ఫొటోలు తీసుకొని పోతున్నారన్న సంగతి వానికి తెలియక కాదు. తాను ప్రతిరోజూ చూచేది ఇంకొకరికి విహారస్థలమైతే కావచ్చు గాని, తనకు విహారమని తోచదు, అంతే.

విహారానికి డబ్బు కావలెనని మనమంతా అనుకొంటాము. నిజానికి మొదట కావలసినవి రెండు. ఒకటి తీరిక, రెండవది నడవడానికి దారి. తీరిక సంగతి ఏ ఇంటివారు ఆ ఇంటివారు చూచుకోగలరు. దారి అట్లా కాదు. అది ఊరంతటికీ సంబంధించిన విషయం. తల్లి, తండ్రి, తాత, పసిపిల్లలు కలిసి ఒక పూట హాయిగా నడచి వెళ్ళగల దారి ఊరి చుట్టూ ఎంత మిగిలి ఉన్నదన్నదే ఈ వ్యాసంలో విచారించదలచినది. అందుకు ముందుగా కొంత దూరదేశపు కథ చెప్పవలసి ఉన్నది.

మన పాఠశాలలలో తరతరాలుగా వర్డ్స్‌వర్త్ కవి డాఫొడిల్స్ పద్యం పిల్లలచేత వల్లె వేయిస్తున్నాము. చెప్పేవారిలో గాని, వినేవారిలో గాని ఆ పువ్వును కంటితో చూచినవారు అరుదు. ఆ పద్యం ఒక కాలినడక విహారంలో నుంచి పుట్టినదన్న విషయం మాత్రం పిల్లలకు చెప్పదగినది. 1802 ఏప్రిల్ 15న కవి తన చెల్లెలు డొరొతీతో కలిసి ఉల్స్‌వాటర్ అనే సరస్సు ఒడ్డున నడుస్తూ ఆ పూల గుంపును చూచినాడు. ఆ చెల్లెలు ఇంటికి వచ్చి చూచినదంతా దినచర్య పుస్తకంలో వ్రాసుకొన్నది. అన్నగారి పద్యం కొంతకాలం గడచిన తరువాత వచ్చినది. ఇంటికి రాగానే చూచినదానిని వ్రాసుకోవడం అనే అలవాటు విషయంలో మన విద్యార్థులకు అన్నకంటె చెల్లెలే మంచి గురువు.

ఆ సరస్సుల సీమకు 1844లో రైలుమార్గం వేయాలని తలపెట్టగా ఈ కవిగారే ఎదురు తిరిగినారు. మిల్లులలో పనిచేసే జనం గుంపులుగా వచ్చిపడితే అక్కడి ప్రశాంతి చెడిపోతుందని ఆయన భయం. ఆయన కాదన్నా 1847లో విండర్‌మియర్ దాకా రైలు వచ్చినది, జనమూ వచ్చినారు. కవిగారి భయంలో కొంత నిజం లేకపోలేదు. ఈనాడు మన సముద్రపు ఒడ్డున పడి ఉన్న ప్లాస్టిక్ సంచులను చూస్తే ఆయన మాటే గుర్తుకు వస్తుంది. అయినా, ప్రకృతిని చూచి ఆనందించే అర్హత చదువుకొన్న నలుగురికే ఉన్నదన్న ధోరణిని అంగీకరించడం కష్టం.

కూలినాలి చేసుకొనేవారి విహారానికి ఇంగ్లండులో రైలే తలుపు తెరచినది. 1841 జులై 5న థామస్ కుక్ అనే ఆయన మద్యపాన నిషేధ ప్రచారంలో భాగంగా సుమారు 500 మందిని మనిషికి ఒక షిల్లింగు చొప్పున లెస్టరు నుంచి లఫ్‌బరోకు రైలులో తీసుకొని వెళ్ళి తీసుకొని వచ్చినాడు. ఆ తరువాత 1871లో బ్యాంకు సెలవుల చట్టం వచ్చి, ఏడాదిలో కొన్ని దినాలు అందరికీ తీరిక దినాలుగా స్థిరపడినవి. ఆ విధంగా తీరిక దొరికినది. ఇక దారి?

దారి అంత సులభంగా దొరకలేదు. మాంచెస్టరు, షెఫీల్డు పట్టణాల నడుమ కిండర్ స్కౌట్ అనే ఎత్తైన మైదానం ఉన్నది. పొగగొట్టాల క్రింద వారమంతా పనిచేసిన యువకులకు ఆదివారంనాడు గాలి పీల్చుకోవడానికి అంతకు మించిన చోటు లేదు. కాని ఆ మైదానమంతా భూస్వాములది. గ్రౌస్ అనే పక్షులను వేటాడడానికి దానిని అట్టే ఉంచి, కాపలాదారులను పెట్టినారు. 1932 ఏప్రిల్ 24న సుమారు 400 మంది, బెన్నీ రాత్‌మన్ అనే ఇరవై ఏండ్ల కుర్రవాని నాయకత్వంలో, ఆ మైదానంలోకి నడచి వెళ్ళినారు. కాపలాదారులతో తోపులాట జరిగినది. అయిదుగురికి జైలుశిక్ష పడినది. నడచినందుకు జైలు! ఆ శిక్షలు చూచి దేశంలో చాలామంది మనస్సు మారినదంటారు. 1949లో జాతీయవనాల శాసనం వచ్చినది. 1951లో మొదటి జాతీయవనంగా ప్రకటించినది ఆ కిండర్ స్కౌట్ ఉన్న పీక్ జిల్లానే. 2000 సంవత్సరంలో మరొక శాసనం చేసి, కొండలు, బీళ్ళు, ఉమ్మడి భూములలో ఎవరైనా కాలినడకన తిరగవచ్చునని హక్కు ఇచ్చినారు.

ఇక్కడ మన పాఠకులు ఒక విషయం గ్రహించవలెను. ఆ జాతీయవనం మనుష్యులు లేని అడవి కాదు. అందులో ఊళ్ళున్నవి, గొర్రెల మందలున్నవి, రైతులున్నారు. భూమిలో చాలాభాగం ప్రైవేటు వారిదే. పిల్లలను వెంటబెట్టుకొని సెలవునాడు నడిచే కుటుంబం నడుస్తున్నది ఒక రైతు చేలో గుండానే. తరతరాలుగా జనం నడచిన అడుగుదారులను గుర్తించి నక్షాలో గీత గీసి పెట్టినారు. ఆ గీత ఉన్నంతవరకు ఆ దారిని ఎవరూ మూయరాదు. చేను దున్నుకోవలసి వస్తే దున్నుకోవచ్చును గాని, 14 దినాలలోగా దారిని మళ్ళీ సరిచేయవలెను. పంట ఎదిగిన రోజులలో కూడా చేను నడుమ కనీసం ఒక మీటరు వెడల్పున అడుగుదారి తెరపిగా ఉండవలెను. ఇది రైతుకు నియమం. నడిచేవారికీ నియమాలున్నవి. తెరచిన గేటు వేసి పోవలెను, కుక్కను అదుపులో పెట్టవలెను, చెత్త వెంట తీసుకొని పోవలెను, నిప్పు విషయంలో జాగ్రత్త వహించవలెను. 1951లో వీటిని ఒక చిన్న పుస్తకంగా అచ్చువేసినారు.

పీటర్ రాబిట్ అనే కుందేలుపిల్ల కథలు వ్రాసిన బియాట్రిక్స్ పాటర్ పేరు మన బాలసాహిత్య ప్రియులకు క్రొత్తది కాదు. ఆమె ఆ పుస్తకాలపై వచ్చిన సొమ్ముతో సరస్సుల సీమలో పొలాలు కొని గొర్రెలు పెంచినది. 1943లో మరణించినప్పుడు 4,000 ఎకరాలకు పైబడిన భూమిని 1895లో ఏర్పడిన నేషనల్ ట్రస్టు అనే సంస్థకు వ్రాసి ఇచ్చినది. అందులో ఆ సీమకు చెందిన గొర్రెల జాతిని పెంచడం మానరాదన్న కోరిక ఒకటి. అక్కడ పచ్చిక నిలవాలంటే సేద్యం నిలవవలెనని ఆమెకు తెలుసు. చూచిపోయేవారు ఈ మాట తరచుగా మరచిపోతారు.

ఇక మన సీమకు వద్దాము. ఇంగ్లండు జనం పోరాడి, జైలుకు పోయి, శాసనం చేయించుకొని సంపాదించిన ఆ చేని నడుమ దారి, కోనసీమలో ఏడాదికొక రోజు ఏ శాసనమూ లేకుండానే తెరచుకొంటుంది. అది కనుమనాడు. "కనుమనాడు కాకి కూడా కదలదు" అని మన సామెత. కాకి సంగతి ఏమో గాని, ఆ రోజున కోనసీమలో ఇంటిపట్టున కూర్చొనే మనిషి తక్కువ. అంబాజీపేట మండలం మొసలపల్లిలోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం.

ఆ తోటలో గుడి లేదు. కొబ్బరిచెట్లు, నేల, ఆకాశం, అంతే. చుట్టుప్రక్కల 11 గ్రామాల శివుళ్ళు, వ్యాఘ్రేశ్వరం, పాలగుమ్మి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పుల్లేటికుర్రు, కె. పెదపూడి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, మొసలపల్లి, ఏకాదశ రుద్రులై ఆ పూట అక్కడ సమావేశమవుతారని పెద్దల విశ్వాసం. వెదురు బద్దలతో గోపురంవలె కట్టి, రంగురంగుల గుడ్డలు చుట్టి, గంటలు, వరికంకులు వ్రేలాడదీసిన ప్రభలపై దేవుళ్ళు బయలుదేరుతారు. బండి లేదు, చక్రం లేదు. మనుష్యుల భుజాలే వాహనం. "శరభా శరభా" అన్న కేక వినబడితే ఇళ్ళలో ఉన్న ముసలివారు సైతం అరుగు మీదికి వస్తారు. వ్యాఘ్రేశ్వరుని ప్రభ తోటలో అడుగు పెట్టగానే మిగిలిన ప్రభలను ఒక్కసారి పైకి లేపి గౌరవించడం ఆనవాయితీ.

ప్రభలన్నీ రోడ్డు వెంట రావు. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు చేలకు అడ్డంగా వస్తాయి. జనవరి మాసపు పచ్చని చేను. మోసేవారి పాదాలు, వెంట నడచే వందల మంది పాదాలు దాని మీద పడతవి. ఆ చేను ఎవరిదో ఆ రైతు గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంటాడు. కోపం రాదు సరికదా, స్వామి తన చేనిలో అడుగు పెట్టినాడని సంతోషిస్తాడు. అట్లా త్రొక్కిన చేను పండుతుందని అతని నమ్మకం. ఆ తరువాత కౌశిక పాయ అడ్డు వస్తుంది. ప్రభ ఒరగకుండా, అంతెత్తు కట్టడాన్ని భుజాల మీద నిలిపి, నీటిలోకి దిగి అవతలి గట్టుకు చేర్చే ఆ కొద్ది నిముషాలు చూచినవారికి జన్మలో మరపురావు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ వీధిలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడచినది ఈ ప్రభల తీర్థమే. ఢిల్లీలో చూచినవారికి ప్రభ కనబడినది గాని చేను కనబడలేదు. ఇందులో అసలు విశేషం చేనిదని నా అభిప్రాయం.

ఈ తీర్థానికి కుటుంబాలకు కుటుంబాలు వెళతవి. క్రొత్త అల్లుళ్ళు, పట్నాలనుంచి వచ్చిన కొడుకులు, చంకనెక్కిన మనుమలు, జీళ్ళు, బూరలు, రంగుల రాట్నం. మనవారికి విహారమంటే వేరొక పేరు పెట్టుకొనవలసిన అవసరం ఏనాడూ కలగలేదు. తీర్థమన్నారు, తిరునాళ్ళన్నారు, వనభోజనమన్నారు. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవానికి పోయి, సాగర సంగమంలో మునిగి, ఇసుకలో కూర్చొని మూట విప్పుకొని తినడం విహారం కాక మరేమిటి?

కాని ఇంగ్లండు దారికీ కనుమనాటి దారికీ భేదమున్నది. ఒకటి హక్కు, రెండవది ఔదార్యం. ఔదార్యం హక్కుకంటె ఎంతో అందమైనది. అయితే దానికి ఒక ఆధారం కావలెను. చేను ఉండవలెను, చేసే రైతు ఉండవలెను, అతడు ఆ ఊరివాడై ఉండవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినా త్రొక్కనిచ్చే మనస్సూ ఉండదు, త్రొక్కడానికి చేనూ ఉండదు.

ఉప్పలగుప్తం నుంచి సముద్రం వైపు వెళ్ళి చూడండి, ఈ మాట ఎందుకు వ్రాస్తున్నానో బోధపడుతుంది. గొల్లవిల్లి, చల్లపల్లి ప్రాంతాలలో కొబ్బరితోటలు, వరిచేలు. ఎస్. యానాం వైపు దిగినకొద్దీ చేలు తగ్గి, రొయ్యల చెరువులు, చేపల చెరువులు. చెరువు చుట్టూ ఎత్తైన గట్టు, గట్టు మీద కంచె, అక్కడక్కడ కాపలా పాక, కట్టివేసిన కుక్క. ఒకనాడు పశువులు, బండ్లు, నెత్తిన గడ్డిమోపులు పెట్టుకొన్న ఆడవారు నడచిన పుంతలు కొన్ని చోట్ల చెరువు గట్లలో కలిసిపోయి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేవో చెప్పగలవారు ముసలివారే అయినారు. పుంత ప్రభుత్వ నక్షాలో గీతగా ఉంటుంది. నేల మీద ఉండదు.

అంతమాత్రంచేత రైతును నిందించడం న్యాయం కాదు. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్ పంట వేయకుండా చేలు బీడు పెట్టి, దేశమంతటినీ ఆశ్చర్యపరచినారు. పంట విరామం అన్నమాట అప్పుడే అందరి నోటా నానినది. గిట్టుబాటు ధర లేదు, కూలి పెరిగినది, మురుగు కాలువలు పూడిపోయి చేలు ముంపున పడుతున్నవని వారి మొర. సముద్రానికి దగ్గరైన ఊళ్ళలో మురుగు పోదు సరికదా, పోటు సమయంలో ఉప్పునీరు ఎదురెక్కుతుంది. రెండు మూడేండ్లు వరుసగా నష్టపోయినవానికి చెరువు త్రవ్వమని ఎవరైనా సలహా ఇస్తే వినక ఏం చేస్తాడు? తన అవసరం కొద్దీ త్రవ్వుకొన్నాడు. అయితే ఊరందరి పుంతను కలుపుకోవడం ఆ అవసరంలో భాగం కాదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడడమే ఊరి పెద్దలు చేయవలసిన పని.

ఎస్. యానాం ఒడ్డుకు చేరితే మాత్రం నడచిన శ్రమ మరచిపోతాము. సరుగుడు తోటల హోరు ముందు, సముద్రపు హోరు తరువాత. పెద్ద పట్టణాల సముద్రతీరాలవలె ఇక్కడ రాతిగోడలు, కట్టడాలు లేవు. ఇసుక, ఎండ్రకాయల కలుగులు, ఒడ్డుకు లాగిన పడవలు, ఆరబెట్టిన వలలు. చలికాలం చివర ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గ్రుడ్లు పెట్టడానికి వస్తవి. ఇసుక మీద వాటి జాడ కనబడితే పిల్లలకు చూపించి, ఆ చోటు త్రొక్కకుండా ప్రక్కనుంచి నడిపించవలెను. మడచెట్లు చూడాలంటే పాయలవైపు పోవలెను. ఇదే తీరాన్ని 1996 నవంబరు 6 నాటి తుపాను ఏ విధంగా ఊడ్చివేసినదో, ఒక్కరాత్రిలో కొబ్బరితోటలు ఎట్లా నేలపాలైనవో చెప్పగల పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. సముద్రాన్ని చూపిస్తూ వారిచేత ఆ కథ చెప్పించడంకంటె మంచి చరిత్రపాఠం ఉండదు. స్నానాల విషయంలో మాత్రం గట్టిగా ఉండవలెను. అల కాళ్ళను తాకేంతవరకే పిల్లల హద్దు. నదీపాయ సముద్రంలో కలిసే మొగల దగ్గర ఆ హద్దు కూడా లేదు, దిగనే రాదు.

వనభోజనాల సంగతి కొంచెం చెప్పవలెను. కార్తికమాసంలో ఉసిరిచెట్టు క్రింద వండుకొని తినడం మన పెద్దలు పెట్టిన విహారం. వానలు వెనుకబడి, ఎండ తీవ్రం కాకుండా, నేల ఆరీ ఆరకుండా ఉండే ఆ మాసాన్ని ఎన్నుకోవడంలోనే వారి తెలివి కనబడుతున్నది. ఇటీవల ఈ వనభోజనాలు కులానికొకటిగా విడిపోయినవి. ఆ కులంవారి భోజనాలు, ఈ కులంవారి భోజనాలు అని పత్రికలలో ప్రకటనలు, వేదికలు, ఉపన్యాసాలు. షామియానా ఉంటుంది, మైకు ఉంటుంది, ఉసిరిచెట్టు మాత్రం ఉండదు. ఒక తరగతిలో ఒకే బల్ల మీద కూర్చొనే ఇద్దరు పిల్లలు ఆదివారంనాడు రెండు వేరు వేరు తోటలకు పోయి, సోమవారంనాడు వచ్చి ఆ సంగతి చెప్పుకోవడానికి జంకుతున్నారంటే, అది ఉపాధ్యాయులు ఊరుకొనవలసిన విషయం కాదు. బడి పేరుతో ఒక వనభోజనం ఏర్పాటు చేసి, అందరి ఇండ్లవారినీ పిలవడం ఎంత కష్టం? తలా ఒక వంట తెస్తే సరి. పులిహోర ఒక ఇంటినుంచి, పనసపొట్టు కూర ఒక ఇంటినుంచి, పెరుగు ఒక ఇంటినుంచి. పొయ్యి దగ్గర పని మాత్రం ఆ ఒక్కపూట మగవారు చేయవలెనని నా మనవి. ఇంట్లో వండి, తోటలోనూ వండి, గిన్నెలు తోముకొని ఇంటికి వచ్చే తల్లికి అది విహారమెట్లా అవుతుంది?

కొంచెం దూరం పోగలిగినవారికి ఒక మంచి స్థలం పి. గన్నవరం. వైనతేయ నది మీదుగా ఒక కాలువ నదిని దాటిపోవడం అక్కడ చూడవచ్చును. క్రింద నది, పైన కాలువ! పదవ తరగతి పిల్లవానికి కూడా మొదటిసారి చూచినప్పుడు నమ్మబుద్ధి కాదు. ధవళేశ్వరం వద్ద ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయినది. ఆ నీరు బొబ్బర్లంక దగ్గర మధ్యడెల్టా కాలువలోకి దిగి కోనసీమ అంతా పారుతున్నది. నడుమ వైనతేయ అడ్డుపడటంవల్ల అవతలి నగరం సీమకు నీరు అందేది కాదు. అందుకొరకు ఆ దశకంలోనే కాటన్ దొర తోడి ఇంజనీర్లు 49 కమానులతో ఆ అక్విడక్టు కట్టినారు. తరువాతి కాలంలో దాని ప్రక్కన కట్టిన క్రొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. ఈ పేరు పెట్టినవారిని మెచ్చుకొనవలెను. లంకల గన్నవరంలో ఆ మహాయిల్లాలు ఏటిరేవు దాటి వచ్చే బాటసారులకు వేళ అని, అవేళ అని చూడక అన్నం పెట్టినది. 1909లో ఆమె గతించినది. ఈ సీమలో ప్రయాణమంటే రేవు, పడవ, ఎదురుచూపు, ఆకలి అయిన రోజులవి. దారి అంటే నేల మీద గీత మాత్రమే కాదనీ, దారిలో తలుపు తెరచిన ఇల్లు కూడా దారిలో భాగమేననీ ఆమె కథ విన్న పిల్లలకు తెలుస్తుంది.

అక్కడినుంచి వైనతేయ ఒడ్డునే ఆదుర్రు వెళ్ళవచ్చును. ఇటుకలతో కట్టిన ప్రాచీన బౌద్ధస్తూపపు శిథిలాలు పురావస్తుశాఖ రక్షణలో ఉన్నవి. చూడడానికి అరగంట చాలు. వెళ్ళేముందు తరగతిలో బుద్ధుని గురించి ఒక పాఠం చెప్పి తీసుకొనిపోతే ఆ ఇటుకలు మాట్లాడతవి. చెప్పకపోతే ఇటుకలే.

నీటి సీమలో విహారం అన్నప్పుడు పడవ తప్పదు. పిల్లలకు పడవకంటె సరదా లేదు. అందుకే ఈ విషయం మొగమాటం లేకుండా చెప్పవలెను. 2018 జులై 14న ఐ. పోలవరం మండలం పశువుల్లంక వద్ద గౌతమిలో నాటుపడవ మునిగి, బడినుంచి ఇండ్లకు పోతున్న విద్యార్థినులు ప్రాణాలు కోల్పోయినారు. మరుసటి ఏడాది 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద మునిగి కుటుంబాలకు కుటుంబాలే పోయినవి. మొదటివారు విహారానికి పోయినవారు కారు, చదువుకొరకు పోయినవారు. పడవ తప్ప వేరు దారి లేనివారు. గోదావరి పోటెత్తిన శ్రావణ భాద్రపద మాసాలలో బడి పిల్లలను పడవ విహారానికి తీసుకొనిపోరాదు. మిగిలిన రోజులలో సైతం ప్రతి బిడ్డకూ లైఫ్ జాకెట్ తొడిగి, త్రాళ్ళు బిగించి, పడవ ఎంతమందిని మోయగలదో తెలుసుకొని ఎక్కించవలెను. జాకెట్లు లేవని పడవవాడు నవ్వితే, ఎక్కకుండా వెనుకకు తిరగడం ఉపాధ్యాయుని ధర్మం. ఆనాడు పిల్లలు చిన్నబుచ్చుకొన్నా ఫరవాలేదు.

ఇక ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. ఇంగ్లండులో అడుగుదారుల నక్షాలు తయారైనది పెద్ద ఉద్యోగుల చేతుల మీదుగానే అయినా, ఏ దారిలో ఎవరు ఎప్పటినుంచి నడుస్తున్నారో చెప్పినది ఊళ్ళవారే. మన గ్రామ నక్షా కూడా గ్రామ సచివాలయంలో అడిగితే చూపిస్తారు. అందులో పుంతలు, కాలువ గట్లు, పోరంబోకు స్థలాలు గుర్తించి ఉంటవి. పై తరగతుల విద్యార్థులచేత దాని నకలు పెద్ద కాగితం మీద వ్రాయించండి. నలుగురేసి పిల్లలకు ఒక్కొక్క పుంత అప్పగించి, ఆదివారంనాడు ఇంట్లోవారితో కలిసి దాని వెంట నడచి రమ్మనండి. తాతలను తప్పక వెంట తీసుకొని పొమ్మనండి. పుంత పేరు, దాని మీద ఒకప్పుడు ఎవరెవరు నడిచేవారు, ఏ చెట్టు క్రింద ఆగేవారు అన్న విషయాలు వారి దగ్గరే ఉన్నవి. దారి తెరచి ఉన్నచోట ఆకుపచ్చ గీత, మూసుకొనిపోయినచోట ఎఱ్ఱ గీత. ఎవరు మూసినారన్న ప్రశ్న పిల్లలు వేయనక్కరలేదు. వారిచేత వేయించడం మంచిది కూడా కాదు. ఆ కాగితాన్ని బడి గోడకు తగిలిస్తే, సభలకు వచ్చే పెద్దలు తామే చదువుకొంటారు.

మొదట నడవడానికి ఉప్పలగుప్తం నుంచి సముద్రం దిక్కుకు పోయే దారే మంచిది. మంచు విడకముందు, ఉదయం ఆరున్నరకే బయలుదేరవలెను. మనిషికొక మంచినీళ్ళ సీసా, తలకొక తువాలు, మధ్యాహ్నానికి చద్ది మూట, చెత్తకు ఒక గోనెసంచి. కొబ్బరి బొండాలు దారిలోనే దొరుకుతవి. తోట ఎవరిదో కనుక్కొని, అడిగి, డబ్బిచ్చి కోయించుకొనవలెను. చాలామంది డబ్బు పుచ్చుకోరు.